శనివారం సంస్కృతి, ఆదివారం తలనొప్పి

ప్రొద్దుటూరులో కళ లేదంట. జమ్మలమడుగులో తలెత్తి చూడదగ్గ కట్టడం లేదంట. పులివెందులలో చెవికింపైన పాట లేదంట. ఈ తీర్పు బయటివాళ్ళు ఇచ్చి ఉంటే పౌరుషానికి పోయి నాలుగు మాటలు అనేవాళ్ళం. ఇచ్చింది మన పిల్లలే. మన ఉగ్గాని తిని, మన ఎండకు మాడి, మన ఖర్చుతో ఇంజనీరింగు చదివిన పిల్లలే. కాబట్టి నోరు మూసుకుని శుక్రవారం రాత్రి వాళ్ళను బెంగళూరు బస్సు ఎక్కించి వస్తున్నాం. ముద్దనూరు, పులివెందుల, కదిరి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం. తెల్లారేసరికి సంస్కృతి.

ఇదివరకు బెంగళూరు పోయేవాడికి ఒక పని ఉండేది. చీనీకాయల లారీ వెనక పోయి డబ్బు వసూలు చేసుకోవాలి, నిమ్హాన్సులో తమ్ముణ్ణి చూపించాలి, చదువైపోయిన పిల్లోడికి ఎవరి కాళ్ళో పట్టుకుని ఉద్యోగం వేయించాలి. పని మీద పోవడం ఇప్పుడు నామోషీ. మా అక్క కొడుకు బ్యాగు సర్దుకుంటూ చెప్పినాడు: "సిటీ ఎక్స్‌ప్లోర్ చేసేకి పోతాండాం మామా. ఆర్టు, ఆర్కిటెక్చరు, మ్యూజిక్కు, క్రాఫ్ట్ బీరు."

"నాలుగోది ముందే చెప్పొచ్చు కదరా అల్లుడూ" అన్నాను. వాడికి కోపమొచ్చింది. "నీకు తెలీదులే మామా" అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు. తెలుసుకుందామని ఒకసారి వెంట పోయినాను.

పొద్దున ఆర్టు. ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్ అని ఒక పాత బంగళా ఉంది. 2009 నుంచి అందులో జాతీయ ఆధునిక కళల గ్యాలరీ నడుస్తోంది. కస్తూర్బా రోడ్డులో 2023లో ఇంకొక మ్యూజియం తెరిచారు. రెండూ బాగున్నాయి, అబద్ధమెందుకు. చెట్లు, నీడ, నిశ్శబ్దం. మనవాళ్ళు మాత్రం బొమ్మకు వీపు పెట్టి నిలబడతారు. బొమ్మను చూసేది ఫోను, ఫోనును చూసేది మనవాడు. ఒక నల్లటి వృత్తం ముందు ఆగి "ఏందిరా ఇది?" అంటే "ఫీల్ కావాల మామా" అన్నాడు. ఫీల్ కావడానికి వాడికి పట్టిన కాలం, ఫోటో తీయడానికి పట్టిన కాలం ఒకటే.

మధ్యాహ్నం ఆర్కిటెక్చరు. అంటే విధానసౌధ ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడడం. కెంగల్ హనుమంతయ్య పట్టుబట్టి కట్టించిన ఆ రాతి భవనం 1956లో పూర్తయింది. ఆ రోజు లోపలికి పోనివ్వలేదు కాబట్టి బయటి నుంచే ఆర్కిటెక్చరు అయిపోయింది. సాయంత్రం మ్యూజిక్కు. రాత్రి బీరు. వరస చూస్తే తెలిసిపోతుంది, మొదటి మూడూ నాలుగోదానికి అనుపానాలు.

అసలు విషయం ఆ బీరు అంగట్లోనే బయటపడింది. బెంగళూరులో అంగట్లోనే బీరు కాచి అక్కడికక్కడే పోయడం 2010 ప్రాంతంలో మొదలైంది. రాగి డేగిశాలు అద్దాల వెనక మెరుస్తుంటాయి, పైకప్పు నుంచి దీపాలు వేలాడుతుంటాయి. మావాడు మగ్గు కింద పెట్టి, వంగి నేలను అరచేత్తో నిమిరినాడు. "ఏం ఫినిష్ మామా! చూడు, ఎంత రస్టిక్‌గా ఉందో!"

నేనూ చూసినాను. నల్లగా, అక్కడక్కడ బూడిద చారలతో, అంచులు సరిగా చెక్కకుండా వదిలేసిన బండ. కడప బండ. మన మైలవరం, ఎర్రగుంట్ల పక్క గనుల్లో పొరలు పొరలుగా పడి ఉండే నాపరాయి. గడ్డపారతో పొర లేపి, ఉలితో గీత కొట్టి, సమ్మెటతో చీలిస్తే పలకలుగా విడిపోతుంది. మంచి పలక లారీ ఎక్కుతుంది. పాలిష్ ఫ్యాక్టరీ కడిగిన తెల్లబురద మాత్రం మన రోడ్ల పక్కన గుట్టలుగా మిగులుతుంది. ఇదే బండ వీళ్ళ నాయన పశువుల కొట్టంలో పరిచినాడు. దాని మీద ఎనుము పేడ వేస్తే ఈ పిల్లోడే ముక్కు మూసుకుని గెంతేవాడు. అదే బండను చూసి మెచ్చుకోడానికి ఇప్పుడు రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినాడు. ఎర్రగుంట్ల, చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీలను లెక్కలోకి తీసుకుంటే, బెంగళూరు గోడల్లోనూ మన కొండల సున్నపురాయి ఉండకపోదు. మన కొండను మనమే కిలోల లెక్కన అమ్మి, గ్రాముల లెక్కన చూసి వస్తున్నాం.

జమ్మలమడుగులో కట్టడాలు లేవన్నారు కదా, అదొక్కటి ఖండించాల్సిందే. ఆ పక్కన కట్టడాలకు ముందు దశలు బోలెడు ఉన్నాయి. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో రాజశేఖరరెడ్డి హయాంలో బ్రహ్మణీ స్టీల్స్ పేరుతో ఒక శంకుస్థాపన. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు చేతుల మీదుగా ఒకటి. సరిగ్గా ఏడాదికి, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె దగ్గర జగన్ చేతుల మీదుగా ఒకటి. 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్ళపల్లెలో, అదే చేతుల మీదుగా, కంపెనీ మారి ఇంకొకటి. పదహారేళ్ళు, నాలుగు శంకుస్థాపనలు, ముగ్గురు ముఖ్యమంత్రులు, ఉక్కు ముద్ద సున్నా. ఇదే పని బెంగళూరు గ్యాలరీలో ఎవరైనా చేసి ఉంటే దానికి ఇన్‌స్టలేషన్ ఆర్టు అని పేరు పెట్టి, చుట్టూ తాడు కట్టి, టికెట్టు అమ్మేవాళ్ళు. "లేమి" అనో "నిరీక్షణ" అనో కింద ఒక చీటీ అతికించేవాళ్ళు. మనకు అమ్ముకోవడం చేతకాలేదు. మూడు పార్టీల్లో ఎవరికీ చేతకాలేదు, ఒక్కరినే ఎందుకు అనాలి.

ఇక సంగీతం. బీరు అంగట్లో వేదిక మీద ఒక పిల్లోడు గిటారు పట్టుకుని ప్రాణం పెట్టి పాడుతున్నాడు. వినేవాడు లేడు. అందరూ ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. పాట ఆగితే చప్పట్లు కొడతారు, ఎందుకంటే ఆగింది కాబట్టి. పాట మొదలైనప్పుడు మగ్గులెత్తి ఫోటో. పండరి భజన వేసే మా పల్లె ముసలోళ్ళయితే ఈ జనాన్ని అడుగు తప్పినందుకు వరసలో నుంచి బయటికి లాగేవాళ్ళు.

"మన పక్క ఇట్లాంటివి యాడున్నాయి మామా?" అన్నాడు మావాడు, చెవిలో, అరుస్తూ.

ఉన్నాయి నాయనా. ఉండేవి. పులివెందుల నియోజకవర్గంలో చక్రాయపేట మండలం ఉంది కదా, ఎన్నికలప్పుడు నీకు మెజారిటీల లెక్క నోటికి వస్తుంది కదా, ఆ పక్కనే సురభి అని ఒక పల్లె. తోలుబొమ్మలు ఆడించుకునే కుటుంబాలు 1885లో ఆ పల్లెలో బొమ్మలను పక్కన పెట్టి, తామే తెర ముందుకొచ్చి కీచక వధ ఆడినారు. వనారస గోవిందరావు ఆ సమాజానికి పునాది వేసినాడు. ఊరి పేరే నాటక సమాజానికి పేరైంది. ఆడ వేషాలు ఆడవాళ్ళే వేసినారు, అదీ మగవాళ్ళు చీరలు కట్టుకుని స్టేజీ ఎక్కే కాలంలో. ఇంట్లో పుట్టిన బిడ్డ నడక రాకముందే వేదిక ఎక్కేది. తీగెల మీద మనుషులు ఎగిరేవాళ్ళు, కళ్ళముందే వాన పడేది, మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు నడిచి వచ్చేవి.

ఆ సురభిని ఇప్పుడు చూడాలంటే యాడికి పోవాలి? హైదరాబాదుకు. శేరిలింగంపల్లిలో వాళ్ళ కాలనీ ఉంది. 2013లో పద్మశ్రీ అందుకున్న సురభి బాబ్జీ కూడా అక్కడ స్థిరపడిన కుటుంబాల మనిషే. పుట్టింది మన పల్లెలో, బతకడానికి చోటు దొరికింది మహానగరంలో. పులివెందుల నుంచి చక్రాయపేట పోవడానికి ఓపిక లేనివాడు, హైదరాబాదులో ఆ నాటకానికి టికెట్టు కొని, "సిటీలో కల్చర్ సూపర్ మామా" అని వచ్చి మనకే చెబుతాడు.

సినిమా సంగతీ అంతే. పులివెందుల తాలూకా పల్లెల్లో పుట్టిన అన్నదమ్ములు ఇద్దరు మద్రాసు పోయినారు. అన్న బి.ఎన్. రెడ్డి 1951లో మల్లీశ్వరి తీసినాడు, 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. తమ్ముడు బి. నాగిరెడ్డి 1947లో చందమామ పత్రిక పెట్టినాడు, విజయా సంస్థ నడిపినాడు, 1986 సంవత్సరానికి ఆయనకూ ఫాల్కే. ఒకే ఇంట్లో రెండు ఫాల్కేలు. 1957 నాటి మాయాబజార్ ఆ విజయా వాళ్ళదే. అంటే స్టేజీ మీద ఘటోత్కచుడు తిన్నా, తెర మీద రంగారావు తిన్నా, ఆ వివాహ భోజనం వడ్డించింది పులివెందుల చేతులే. ఒక పని చేయండి. పులివెందుల బస్టాండులో టీ తాగుతున్న ఏ కుర్రాణ్ణయినా ఆపి బి.ఎన్. రెడ్డి ఎవరని అడగండి. "ఏ పార్టీ అన్నా?" అంటాడు.

ప్రొద్దుటూరు మాత్రం తక్కువ తిన్నదా? జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని రాణా ప్రతాపసింహ చరిత్ర రాసినాడు. ఆ పక్కనే నెమళ్ళదిన్నెలో పుట్టిన గడియారం వేంకట శేషశాస్త్రి శివభారతం రాసినాడు. ఇద్దరికీ ప్రొద్దుటూరే నీడ. పుట్టపర్తి నారాయణాచార్యులు అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ శివతాండవం కట్టినాడని ఊళ్ళో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఒకే చిన్న ఊళ్ళో, బంగారం తూచే అంగళ్ళ పక్కన, పత్తి బేళ్ళ మధ్య మూడు గొప్ప కావ్యాలకు చోటు దొరికింది. ఇప్పుడు అదే ఊళ్ళో బంగారానికి గ్రాము ధర ఎంతో అందరికీ తెలుసు. మిగతాదానికి తూకం రాళ్ళు పోయినాయి.

మా పక్క ఇంకొక జబ్బు కూడా ఉంది. సొంతపేరు గిట్టదు. ప్రొద్దుటూరు బంగారం బజారును పొగడాలంటే రెండో ముంబై అంటాం. అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరికి రోజుకో అలంకారం చేసి, రాత్రి ఊరంతా కదిలే దసరాను పొగడాలంటే రెండో మైసూరు అంటాం. గండికోటను పొగడాలంటే ఇండియా గ్రాండ్ కాన్యన్ అంటాం. పెన్నమ్మ ఎర్రమల కొండను నిలువునా కోసుకుంటూ యుగాలు పారింది పాపం, అమెరికాలో ఎవరో కొలరాడో తల్లి పేరు అరువు తెచ్చుకుని బతకడానికి! మైసూరు వాళ్ళెవరైనా మైసూరును రెండో ప్రొద్దుటూరు అనగా విన్నారా? వాళ్ళకేం పట్టింది.

గండికోట అన్నాను కాబట్టి అక్కడ కాసేపు నిలబడాలి. పన్నెండో శతాబ్దంలో మొదలై, పెమ్మసాని నాయకుల చేతుల్లో పెరిగిన కోట అది. మాధవరాయ గుడి, రంగనాథ గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం, కత్తుల కోనేరు, అన్నీ ఒక్క ప్రాకారం లోపలే. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు సరుకు మూట కట్టుకుని ఇక్కడికి వచ్చినాడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఆ దర్బారులో తాను చూసింది టావెర్నియే రాసి పెట్టినాడు. మీర్ జుమ్లా నేల మీద కూర్చుని, కాలివేళ్ళ సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో కొన్ని ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయిస్తున్నాడంట. అదే కోటలో ఫిరంగులు పోత పోయడానికి ఇంకొక ఫ్రెంచివాడు. బెంగళూరు ఐటీ మేనేజర్లు రెండు ల్యాప్‌టాపులు ముందేసుకుని గొప్ప పోతుంటారు కదా, మా గండికోటలో కాలివేళ్ళతో ఫైళ్ళు నడిపిన మొనగాడు మూడు వందల డెబ్భై ఏళ్ళ కిందటే ఉన్నాడు.

రత్నాలు పట్టుకుని ప్రపంచం వచ్చిన చోటికి మనం ఏం పట్టుకుని పోతున్నాం? బీరు సీసాలు. లోయ అంచు బండల మధ్య చూడండి, పచ్చ గాజు, గోధుమరంగు గాజు, చిప్స్ కవర్లు. గుడి స్తంభం మీద చెక్కిన నర్తకి పక్కన ఇనుప మొలతో గీకిన గుండె, దాంట్లో రెండు ఇంగ్లీషు అక్షరాలు. బెంగళూరు గ్యాలరీలో చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, గీత దాటకుండా నిలబడిన పిల్లోడు వీడే. అక్కడ ముట్టుకోవద్దని చీటీ పెడితే ముట్టుకోడు. ఇక్కడ ముట్టుకోవద్దని రాతి మీద శాసనం చెక్కినా దాని మీదే కూర్చుని చికెన్ పకోడీ తింటాడు.

తాగుడును నేను వెనకేసుకు రావడం లేదు, తిట్టడం కూడా ఈనాటి పని కాదు. అయితే న్యాయంగా మాట్లాడుకోవాలి. మన రాష్ట్రంలో తాగేవాడు సంస్కారం నేర్చుకునేది యాడ? 1995లో సర్కారు తాగొద్దంది. 1997లో సరే తాగండంది. 2019లో దశలవారీగా మాన్పిస్తానంటూ తానే అంగడి పెట్టుకుని పోసింది. 2024లో పోసే పని మళ్ళీ ప్రైవేటుకు అప్పజెప్పింది. ఆ సర్కారు అంగళ్ళ వాస్తుశిల్పం గుర్తుందా? ఇనుప గ్రిల్లు, దాంట్లో చెయ్యి పట్టేంత సందు, ఆ సందులోకి నోటు పోతుంది, బయటికి సీసా వస్తుంది. సీసా మీద "బూమ్ బూమ్" అని పేరు. దీపావళి అంగట్లో వినాల్సిన పేరు. ఏ రుచి కావాలని అడిగితే వెనక వరసలో వాళ్ళు మెడ పట్టి పక్కకు తోసేవాళ్ళు. అట్లాంటి కాలం నుంచి వచ్చినవాడికి, బెంగళూరులో ఏప్రాన్ కట్టిన పిల్ల నవ్వుతూ చిన్న చిన్న గ్లాసుల్లో నాలుగు రుచులు తెచ్చి ముందు పెడితే కళ్ళు చెమర్చవా మరి.

కానీ ఆ నాలుగు రుచుల్లో ఒకటి బాస్మతి బియ్యంతో కాచిన బీరు! ఇక్కడే నాకు కడుపు మండింది. వీడి తాత సంగటి ముద్ద తిని బతికినాడు. వరి అన్నం అంటే సంక్రాంతికో, ఉగాదికో, అల్లుడు ఇంటికి వస్తేనో. ఆ తాత మనవడు బాస్మతిని మగ్గులో పోసుకుని, నాలుక మీద తిప్పి, "లైట్‌గా ఉంది" అని పక్కకు జరిపినాడు. చేదు బీరు ఇంకొకటి వచ్చింది, దాని పేరులో ఇండియా ఉంది. దొరలు తమ దేశంలో కాచి ఓడల్లో ఇక్కడి తమ వాళ్ళకు పంపుకున్న చేదు బీరు వంశం అది. వాళ్ళు పోయి డెబ్భై ఏళ్ళు దాటినా మనకు ఇంకా దిగుమతి అవుతూనే ఉంది. మన వంకల పక్కన ఈతచెట్టు ఎక్కి, కుండ కట్టి, పొద్దున్నే దించే కల్లు మాత్రం వీడికి నాటు. ఆ కుండలో ఎవడూ పొడి వేయకుండానే, ఎండ ఎక్కేకొద్దీ దానంతట అదే పులుస్తుంది. బెంగళూరు అద్దాల గదిలో ఇదే పని జరగడానికి ఉష్ణోగ్రత మీటరు, ఒక విదేశీ పట్టా, ఎక్సైజు లైసెన్సు కావాలి. ప్రొద్దుటూరు మగ్గాల ఊరు. మగ్గం మీద కూర్చున్న తండ్రి వారం కూలి, మగ్గు ముందు కూర్చున్న కొడుకు ఒక్క రాత్రి బిల్లుకు చాలదు.

నేను బెంగళూరును తిట్టడం లేదు, ఎవరూ అపార్థం చేసుకోవద్దు. ఆ ఊరి తప్పు ఇందులో వీసమెత్తు లేదు. పాత బంగళా దొరికితే కూలగొట్టకుండా బొమ్మలు తగిలించినారు. బొమ్మ కింద చీటీ రాసినారు. చీటీ ముందు దీపం పెట్టినారు. దీపం పక్కన ఒక గార్డును కుర్చీ వేసి కూర్చోబెట్టి, నెలనెలా జీతమిస్తున్నారు. మన దగ్గర లేనివి ఆ చీటీ, ఆ దీపం, ఆ కుర్చీ. బొమ్మలు మనకెప్పుడూ తక్కువ కాలేదు. ఎర్రగుంట్ల పక్కన కలమళ్ళలో చెన్నకేశవ గుడి ఆవరణలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం ఉంది, సుమారు 575 నాటిది. తొలి తెలుగు శాసనం ఇదేనని పండితులు చెబుతారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు రాష్ట్రమంతా పటాకులు కాల్చినాం. ఆ హోదాకు సాక్ష్యం చెప్పిన రాయిని చూడడానికి ప్రొద్దుటూరు నుంచి మోటారు సైకిల్లో పోతే సినిమాలో ఇంటర్వెల్ వచ్చేంత సేపు పట్టదు. మావాణ్ణి అడిగితే కలమళ్ళ అంటే ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు తెలుసన్నాడు.

2024 నవంబరులో కేంద్రం గండికోట పర్యాటకానికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచిదే. ఆ డబ్బులో పాత రాయిని కాపాడడానికెంత, కొత్త శిలాఫలకానికెంత, మరుగుదొడ్డికెంత, సెల్ఫీ పాయింటుకెంత అని అడిగేవాళ్ళు ఈ మూడూళ్ళలో కావాలి. కలమళ్ళ రాయి దగ్గర నాలుగు వరసల చీటీ, ఒక దీపం, ఒక కుర్చీ ఎప్పుడు పెడతారని కూడా అడగాలి. అడగాల్సిన ఆఫీసులు శని, ఆదివారాల్లో మూసి ఉంటాయి. బెంగళూరు బస్సు కోసం శుక్రవారం మధ్యాహ్నమే సెలవు పెట్టేవాళ్ళు, ఇందుకోసం ఒక్క సోమవారం సెలవు పెట్టండి.